కర్త లేని వాక్యం

ముప్పై ఆరేళ్ళు లిఫ్టులు బాగుచేసిన మనిషి అరవయ్యో ఏట ఒక్కసారిగా ఇంట్లో కూర్చోవాలంటే కష్టమే. మొదటి నెలలో ఆయన తన ఇంట్లో ఉన్న తలుపు బందులన్నిటికీ నూనె వేశాడు. రెండో నెలలో ఎదురింటివాళ్ళ తలుపులకి వేశాడు. మూడో నెలలో, ఫ్రిజ్ చప్పుడులో ఏదో తేడా ఉందంటూ దాన్ని గోడ దగ్గర్నుంచి ముందుకి లాగి, వెనక పలక విప్పబోతుంటే భార్య చూసింది.

"అది బాగానే ఉంది. మీరే బాగాలేరు," అంది. లోపలికి వెళ్ళి, బీమా ఆఫీసువాళ్ళు ఎప్పుడో ఇచ్చిన డైరీ ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. అందులో ఒక్క పేజీ కూడా ఎవరూ వాడలేదు. "మీ సర్వీసు గురించి రాసుకోండి. పాతికేళ్ళ నుంచీ చెప్తూనే ఉన్నారుగా, రాస్తే పుస్తకమవుతుందని. రాయండి. ఫ్రిజ్ జోలికి మాత్రం పోకండి."

ఆయన్ని అందరూ చెవి మేస్త్రి అనేవారు. ఫిర్యాదు వచ్చిన చోటికి వెళ్ళగానే ఆయన పనిముట్ల పెట్టె తెరిచేవాడు కాదు. కింది అంతస్తులో మూసి ఉన్న తలుపుకి చెవి ఆనించి, లిఫ్టుని ఒకసారి పైకీ కిందకీ నడిపించమనేవాడు. మళ్ళీ నడిపించమనేవాడు. మూడోసారి కూడా విని, "నాలుగో అంతస్తు తలుపు తాళం అరిగింది," అని చెప్పేవాడు. వెళ్ళి చూస్తే అరిగే ఉండేది. జతగాళ్ళు ఏం చెప్పినా రెండుసార్లు చెప్పించుకునేవాడు. దానికి కొత్తవాళ్ళు విసుక్కునేవాళ్ళు, పాతవాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

డైరీలో మొదటి వాక్యం రాయడానికి నాలుగు రోజులు పట్టింది. ఫలానా సంవత్సరంలో పుట్టాను అని రాసి, తర్వాత ఏం జరిగిందో గుర్తురాక ఆగిపోయాడు. అయిదో రోజున తనకి చేతనైన పద్ధతిలో మొదలుపెట్టాడు. తేదీ, భవనం, లోపం, చేసిన పని. రెండు వారాల్లో పదిహేడు పేజీలు నిండాయి.

ఆయన కూతురు కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. దగ్గర్లోనే వేరే ఇంట్లో ఉంటుంది. సాయంత్రం పని అయ్యాక వచ్చి, ఆ పదిహేడు పేజీలూ నిలబడే చదివేసింది.

"నాన్నా, ఇది ఆత్మకథ కాదు, కంప్లైంటు రిజిస్టరు."

"ఉన్నదున్నట్టు రాశాను."

"ఉన్నది సగమే రాశావు. లిఫ్టు ఆగింది, సరే. లోపల ఎవరున్నారు?"

ఆ ప్రశ్నకి ఆయన దగ్గర చాలా జవాబులున్నాయి. పైన మెషిన్ గదిలో పని సాగుతున్నంతసేపూ, లోపల ఇరుక్కున్నవాళ్ళు కంగారు పడకుండా ఎవరో ఒకరు తలుపు సందులోంచి మాట్లాడుతూ ఉండాలి. ఆ పని ఎప్పుడూ ఆయనే పెట్టుకునేవాడు. మనిషి కనపడడు, గొంతు మాత్రం వినపడుతుంది. అలాంటప్పుడు జనం ఏవేవో చెప్తారు. ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ ఇరుక్కున్న ఒక అమ్మాయి తను బట్టీపట్టిన జవాబులన్నీ ఆయనకే అప్పజెప్పింది. సంగీతం టీచరు ఒకావిడ భయం పోవడానికి గొంతెత్తి పాడుతుంటే, పైనున్న అద్దెవాళ్ళు మెట్లమీద గుంపుగా చేరి విన్నారు. ఆస్తి పంపకాల గొడవలో ఉన్న అన్నదమ్ములిద్దరు ఏడో అంతస్తులో లాయరు దగ్గరికి వెళ్తూ చీకట్లో యాభై నిమిషాలు ఇరుక్కున్నారు. బయటికి వచ్చాక ఇద్దరూ మెట్లెక్కి లాయరు దగ్గరికే వెళ్ళారు. కాకపోతే పెద్దవాడి సంచి చిన్నవాడు మోశాడు.

ఇవన్నీ రాస్తూ పోయాడు. డైరీ అయిపోయింది, పొడుగు నోటుపుస్తకాలు మూడు అయిపోయాయి. పొద్దున్న కాఫీ తాగి కూర్చుంటే భోజనానికి పిలిచేదాకా లేచేవాడు కాదు. ఇంట్లో తలుపులు మళ్ళీ కిర్రుమనడం మొదలైంది. భార్య దానికి ఏమీ అనలేదు.

రాసింది సరిదిద్దడానికి ఆయనకి ఒక తెలుగు మాష్టారు దొరికారు. రిటైరై, పక్కవీధి అపార్టుమెంట్లో అయిదో అంతస్తులో ఒక్కరే ఉంటున్నారు. ఒకప్పుడు ఆ మాష్టారిని కూరగాయల సంచితో సహా ఆయనే లిఫ్టులోంచి బయటికి లాగాడు. ఆ కృతజ్ఞత మాష్టారికి ఇంకా ఉంది. మొదటి నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు ఉంచుకుని, మొదటి అధ్యాయం తిరగరాసి ఇచ్చారు.

'లిఫ్టు మధ్యలో ఆగింది. లోపల ముగ్గురున్నారు' అని ఆయన రాసిన చోట, 'ఆ లోహపంజరం నింగికీ నేలకీ నడుమ నిశ్చేష్టమై నిలిచింది. అందులో మూడు మానవ హృదయాలు మౌనంగా ఆక్రోశించాయి' అని ఉంది.

ఇంటికి తెచ్చి భార్యకి వినిపించాడు.

"ఎవరి గురించి ఇది?" అంది.

"నా గురించే."

"మౌనంగా ఆక్రోశించడమేమిటి? ఆ రోజు వాళ్ళు మిమ్మల్ని నానా బూతులూ తిట్టారని చెప్పారుగా!"

మర్నాడు మాష్టారి దగ్గరికి వెళ్ళి, నొచ్చుకోకుండా చెప్పాలని ఎంత ప్రయత్నించినా నొచ్చుకునేలాగే చెప్పాడు. "మాష్టారూ, నేను బోల్టు బిగించానని రాస్తే మీరు దానికి రంగు వేశారండీ. రంగు వేస్తే రేపు విప్పేవాడికి కష్టం."

మాష్టారు రెండు రోజులు ముభావంగా ఉన్నారు. మూడో రోజు ఆయనే ఫోన్ చేసి రమ్మన్నారు. అప్పట్నుంచి కొత్త మాట ఒక్కటి కూడా చేర్చలేదు. తప్పులు దిద్దారు, చెప్పిందే చెప్పిన చోట కొట్టేశారు. ప్రతి వాక్యం మొదట్లోనూ ఉన్న 'అప్పుడు' అనే మాటని వెతికి వెతికి తీసేశారు. మాష్టారు మంచి పాఠకుడు. రాసేవాడిగా ఎంత తప్పు చేశారో చదివేవాడిగా అంత సరిగ్గా ఉన్నారు.

చిక్కు మూడో నోటుపుస్తకంలో వచ్చింది. అక్కడ ఒక ప్రమాదం గురించి అరపేజీ ఉంది. ముప్పై రెండేళ్ళ కిందట ఆరంతస్తుల ఆఫీసు భవనంలో, తనకి పని నేర్పిన పెద్దమేస్త్రి కుడిచేతికి మూడు వేళ్ళు పోయాయి. 'మెయిన్ స్విచ్ ఆన్ అయి ఉండటం వల్ల లిఫ్టు కదిలి, చేయి తాడుకీ చక్రానికీ మధ్య పడింది' అని రాశాడు. ఆ పక్కన మాష్టారు ఎర్ర సిరాతో ఒక గీత గీసి, చిన్న అక్షరాలతో 'కర్త?' అని రాశారు.

"ఇదేమిటండీ?" అన్నాడు.

"మీరు పుస్తకమంతా నేను విప్పాను, నేను బిగించాను, నేను ఎక్కాను అని రాశారు. ఈ ఒక్కచోట స్విచ్ దానంతటదే పడింది. ఆ వాక్యానికి కర్త లేదు. స్విచ్ ఎవరు వేశారు?"

"రిపోర్టులో అలాగే ఉందండీ."

"రిపోర్టు సంగతి నాకు తెలియదు. వ్యాకరణం సంగతి అడుగుతున్నాను."

మాష్టారు నిజంగా వ్యాకరణమే అడిగారు. ఆయన మాత్రం నోటుపుస్తకం మూసి చంకలో పెట్టుకుని, మళ్ళీ వస్తానని చెప్పి లేచాడు. మూడు వారాలు వెళ్ళలేదు.

జరిగింది ఇది. ఆ రోజు పెద్దమేస్త్రి లిఫ్టు క్యాబిన్ నెత్తి మీద నిలబడి, అక్కడి చక్రం మీదుగా పోయే ఉక్కుతాడులో తెగిన పోగులేమైనా ఉన్నాయేమోనని గుడ్డతో తడుముతూ చూస్తున్నాడు. చెవి మేస్త్రి పైన మెషిన్ గదిలో స్విచ్ దగ్గర ఉన్నాడు. అప్పటికి ఆయనకి ఇరవై ఎనిమిదేళ్ళు. పక్క భవనంలో గోడ కొడుతున్నారు. ఆ మోతలో కిందనుంచి కేక వినిపించింది. 'ఆన్ చెయ్యి' అని వినిపించింది. వేశాడు. కింద ఎవరో అంతకుముందే బటన్ నొక్కి పోయినట్టున్నారు, కరెంటు రాగానే లిఫ్టు కదిలింది.

మధ్యాహ్నం కంపెనీవాళ్ళు వచ్చి అడిగితే, ఆన్ చెయ్యమన్నారు, చేశాను అని చెప్పాడు. అబద్ధం కాదు, ఆయన విన్నది అదే. సాయంత్రం సామాన్లు సర్దుకుని దిగుతుంటే, మెట్లు తుడిచే ఆవిడ బకెట్ పక్కన పెట్టి ఆయన్ని ఆపింది. కేక వినపడినప్పుడు ఆవిడ అయిదో అంతస్తులో, లిఫ్టు ఊచల తలుపు పక్కనే ఉంది.

"'ఆన్ చెయ్యకు, ఆన్ చెయ్యకు' అని రెండుసార్లు అరిచాడు కదయ్యా. నీకు వినపడలేదా?"

పైకి వచ్చేసరికి ఆ మాట చివర 'కు' పోయింది. అంతే. మర్నాడు విచారణ ముగిసింది. పెద్దమేస్త్రి ఆసుపత్రిలో మందుల మత్తులో ఉన్నాడు. తను ఏమని అరిచాడో ఆయనకి గుర్తులేదు. సీనియర్ అజాగ్రత్తగా ఆదేశం ఇచ్చాడని రాసి, సంతకం పెట్టమంటే ఎడమచేత్తో పెట్టాడు. చెయ్యి మానాక ఆయన్ని స్టోరు గదికి మార్చారు. రిటైరయ్యేదాకా, పద్దెనిమిదేళ్ళు, అక్కడే కూర్చుని బోల్టులూ బేరింగులూ ఇచ్చాడు. మెట్లు తుడిచే ఆవిడ్ని ఎవరూ ఏమీ అడగలేదు. చెవి మేస్త్రి ఎవరికీ ఏమీ చెప్పలేదు. తలుపులకి చెవి ఆనించడం, ఏ మాటైనా రెండుసార్లు చెప్పించుకోవడం ఆ నెల నుంచే మొదలయ్యాయి. మొదటి రెండేళ్ళు స్టోరు కిటికీ దగ్గర పెద్దమేస్త్రిని పలకరించేవాడు. తర్వాత సామాన్ల కోసం వేరేవాళ్ళని పంపడం అలవాటైంది.

మూడు వారాల తర్వాత ఒక ఉదయం భార్యకి చెప్పాడు. ఆవిడ బట్టలు మడతపెడుతోంది. చేతిలో ఉన్న చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది.

"మనం ఆయన్ని ఆసుపత్రిలో చూడటానికి వెళ్ళాం. నేను పళ్ళు తీసుకెళ్ళాను. అప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. అప్పుడూ తెలుసు."

"తెలుసు."

ఆవిడ మరో చొక్కా అందుకుంది.  మర్నాడు, "రాస్తే రాయండి. ముందు వెళ్ళి ఆయనకి చదివి వినిపించండి. ఆయన ఆ సంగతి పుస్తకంలో చూసి తెలుసుకోకూడదు," అంది.

ఆ అధ్యాయం కొత్తగా రాశాడు. ఈసారి ఏడు పేజీలు వచ్చింది. టైపు చేస్తున్న కూతురు ఒకచోట ఆగింది.

"నాన్నా, ఇక్కడ 'నా భార్య అప్పటికి నిండు గర్భిణి, ఉద్యోగం పోతే ఎలా అని భయపడ్డాను' అని రాశావు."

"అవును. నువ్వు కడుపులో ఉన్నావు."

"నేనింకా పుట్టనే లేదు. నన్నెందుకు ఇరికిస్తావు ఇందులో? తీసెయ్."

"అది నిజమేనమ్మా."

"నిజమే అయ్యుంటుంది. నేను పుట్టాక ముప్పై ఒక్క ఏళ్ళు ఉంది కదా. అప్పుడెందుకు చెప్పలేదో అది కూడా రాస్తావా?"

ఆయన ఆ వాక్యం తీసేశాడు. అదొక్కటే ఆయనకి కష్టమనిపించిన దిద్దుబాటు.

పెద్దమేస్త్రికి ఇప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. కొడుకు, కోడలి దగ్గర ఉంటున్నాడు. భార్య పోయి ఆరేళ్ళయింది. కింది అంతస్తు ఇల్లే కావాలని పట్టుబట్టి తీసుకున్నారట. తలుపు తీసిన కోడలు మొదట గుర్తుపట్టలేదు. ఎవరో చెప్పాక నవ్వుతూ లోపలికి పిలిచింది.

"మామయ్య మీ గురించి చెప్తుంటారు. తను నేర్పినవాళ్ళలో మిమ్మల్ని మించినవాడు లేడంటారు," అంది. టీ పెట్టడానికి వెళ్తూ గోడ మీద స్విచ్ వేయబోయి, లోపలికి కేకేసింది. "మామయ్యా, దీపం వేస్తున్నాను!" లోపల్నుంచి "ఆఁ, వెయ్యి," అని జవాబు వచ్చాకే వేసింది. "మా ఇంట్లో చెప్పకుండా ఏ స్విచ్చీ వెయ్యకూడదండీ. ఆయనకి అదొక పట్టింపు."

పెద్దమేస్త్రి మెల్లగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని మీద ఎడమచెయ్యి కప్పుకున్నాడు.

"ఏరా, తోవ తప్పి వచ్చావా?"

"అన్నా, పుస్తకం రాశాను. ఒక అధ్యాయం మీకు వినిపించాలి."

"వినిపించు."

చదివాడు. ఆరో పేజీ దాకా రావడానికి పావుగంట పట్టింది. మెట్లు తుడిచే ఆవిడ మాట వచ్చింది. పెద్దమేస్త్రి అక్కడ ఆపించాడు.

"ఆ ముక్క మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు.

"అంటే నేను చెయ్యకు అనే అన్నాను."

"అన్నారు."

"రెండుసార్లు."

"రెండుసార్లు, అన్నా."

కోడలు తెచ్చిన టీ ఇద్దరి ముందూ ఉంది. ఇద్దరూ ముట్టుకోలేదు. పెద్దమేస్త్రి కళ్ళు మూసుకుని కూర్చున్నాడు.  తర్వాత కళ్ళు తెరవకుండానే మాట్లాడాడు.

"స్టోరులో ఉండగా నన్ను మళ్ళీ రమ్మని మూడుసార్లు అడిగారు. చేత్తో పని అక్కర్లేదు, కొత్తవాళ్ళకి నేర్పు చాలన్నారు. నేనే రానన్నాను. ఎందుకో తెలుసా?"

ఆయన తెలియదన్నాడు.

"నోరు జారే మనిషి దగ్గర పని నేర్చుకోకూడదు కదరా. ఈసారి నా వేళ్ళు కాదు, ఇంకెవరి తలో పోతుందని. మీ వదిన కూడా పోయేదాకా అదే అనేది. నీ నోటి తొందర నీ చేతికొచ్చింది అనేది. అవును అనేవాణ్ణి."

అన్నీ ఆలోచించుకుని వచ్చిన చెవి మేస్త్రి దీన్ని మాత్రం ఊహించలేదు. ఇన్నేళ్ళూ పెద్దమేస్త్రి లోపల్లోపల నిజం తెలిసే తనని కాపాడి ఉంటాడని, తను ఒక పెద్దమనసు నీడలో బతికానని అనుకున్నాడు. అధ్యాయం చివర్లో ఆ మాటే రాశాడు కూడా. చివరి పేజీ ఇంకా చదవలేదు. చదవకుండానే మడిచి సంచిలో పెట్టుకున్నాడు.

"అచ్చు వేస్తున్నావా?" అని అడిగాడు పెద్దమేస్త్రి.

"మీరు వద్దంటే వెయ్యను."

"వెయ్యి. నా పేరు పెట్టు. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. వేసి నాకు పంపు." టీ గ్లాసు పక్కకి జరిపి, "ఇక వెళ్ళు," అన్నాడు.

వీధిలోకి వచ్చి రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కాడు. ఇంటికి వచ్చి చివరి పేజీ చింపేసి, ఆ రోజు పెద్దమేస్త్రి అన్న మాటలు అన్నవి అన్నట్టు రాశాడు. మాష్టారు ఆ పేజీల్లో ఒక ఒత్తు మాత్రం సరిచేశారు. స్విచ్ వాక్యం చదివి తల ఊపి, పేజీ తిప్పారు.

పుస్తకానికి 'రెండంతస్తుల మధ్య' అని కూతురే పేరు పెట్టింది. మూడు వందల కాపీలు అచ్చయ్యాయి. అట్ట మీద మూసిన లిఫ్టు తలుపు, దాని సందులోంచి సన్నటి వెలుగు. అచ్చాఫీసు నుంచి పెట్టెలు వచ్చిన రోజు ఆయన ఒక్కో కాపీ తీసి, వీపు దగ్గర జిగురు సరిగ్గా పట్టిందో లేదో లాగి చూశాడు. పదకొండు కాపీలు వెనక్కి పంపాడు.

ఆవిష్కరణ గ్రంథాలయం పైగదిలో పెట్టారు. నలభై కుర్చీలు వేస్తే ముప్పై మంది దాకా వచ్చారు. అందులో సగం మంది ఆయన లిఫ్టుల్లోంచి బయటికి తీసినవాళ్ళే. ముఖ్య అతిథి ఒక రిటైర్డ్ ఇంజనీరు. ఆయన అట్ట తప్ప ఏమీ చదవలేదని రెండో నిమిషంలోనే అందరికీ తెలిసిపోయింది. జీవితం కూడా లిఫ్టు లాంటిదేనని, పైకి వెళ్ళినవాళ్ళు కిందకి రాక తప్పదని నలభై నిమిషాలు మాట్లాడారు. వెనక వరసలో ఒకావిడ, "ఈయన్ని బయటికి తీసేదెవరు?" అని గొణిగితే ఆ వరసంతా నవ్వింది.

తర్వాత చెవి మేస్త్రి లేచి అన్నదమ్ముల కథ చదివాడు. నవ్వారు. కూతురు సైగ చేస్తే ప్రమాదం అధ్యాయం కూడా చదివాడు.  అయిపోయాక ఒకరు లేచి చప్పట్లు కొట్టారు, తర్వాత అందరూ లేచారు. ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ ఆయన చేతులు పట్టుకుంది. "ఇంత ధైర్యం ఎవరికుంటుందండీ! ఎంత గొప్ప మనసు మీది!" ఆ రోజు ఇరవై రెండు కాపీలు అమ్ముడయ్యాయి. పెద్దమేస్త్రికి పిలుపు పంపారు కానీ ఆయన రాలేదు.

ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూ భార్యతో అన్నాడు. "వేళ్ళు పోయింది ఆయనకి. చప్పట్లు నాకు."

ఆ తర్వాత ఎక్కడా ఆ అధ్యాయం చదవనన్నాడు. కూతురికి అది ఇబ్బందైంది. పిలిచినవాళ్ళందరికీ కావాల్సింది అదే. రేడియోలో మాట్లాడించిన అమ్మాయి అయితే ముందే చెప్పేసింది, "సార్, ఆ వేళ్ళ కథ చెప్పండి, కొంచెం ఎమోషనల్‌గా." ఆయన దానికి బదులు, లిఫ్టు మధ్యలో ఆగితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో పావుగంట చెప్పాడు. తలుపుకి ఆనుకోకండి, మీ అంతట మీరు తలుపు తెరవకండి, లోపల గాలి అయిపోతుందని భయపడకండి. కూతురు అదే సంగతి ఫోన్‌లో చిన్న వీడియోగా తీసి పెడితే వేలమంది చూశారు. అది చూసి పుస్తకం కొన్న ఒకాయన, ఇందులో వైరింగు బొమ్మలు లేవేమిటని కోపంగా ఉత్తరం రాశాడు.

కంపెనీలో అప్పటి మేనేజరు కూడా ఫోన్ చేశాడు. "ఇప్పుడెందుకయ్యా ఇదంతా? ఆ ఫైలు ఎప్పుడో మూసేశాం."

"అవును సార్," అన్నాడు ఆయన. "మూసేటప్పుడు నేను అక్కడే ఉన్నాను."

పెద్దమేస్త్రికి పది కాపీలు పంపారు. నెల దాకా ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఒకరోజు ఆయన కోడలు ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, పుస్తకాలు అయిపోయాయి. ఇంకో ఇరవై పంపమంటున్నారు."

"పదీ అయిపోయాయా?"

"ఇంటికి ఎవరొచ్చినా ఆ పేజీ తెరిచి చేతిలో పెడుతున్నారండీ. మందుల షాపాయనకి ఇచ్చారు. జుట్టు కత్తిరించే ఆయనకి ఇచ్చారు. అత్తయ్య వాళ్ళ చెల్లెలు వస్తే ఎదురుగా కూర్చోబెట్టి చదివించారు. 'చూడు, నేను చెయ్యకు అనే అన్నాను, రెండుసార్లు అన్నాను' అని చూపించారు. ఆవిడ పాపం ఏమనాలో తెలియక, సరే బావగారూ అంది."

మొత్తం మీద ఆ పుస్తకం గురించి పెద్దమేస్త్రి చేసినంత ప్రచారం ఇంకెవరూ చెయ్యలేదు. చివరికి లెక్క వేస్తే, గ్రంథాలయం సభకన్నా, రేడియోకన్నా ఆయన కుర్చీ దగ్గర్నుంచి వెళ్ళిన కాపీలే ఎక్కువ. ఆ ఏడు పేజీలు తప్ప మిగతా పుస్తకం ఆయన చదివినట్టు లేదు.

ఇరవై కాపీలూ చెవి మేస్త్రే మోసుకెళ్ళాడు. పెద్దమేస్త్రి లేవలేదు. కట్ట విప్పించి, ఒక కాపీ తీసి, వేళ్ళు లేని చేత్తో పేజీ నొక్కిపట్టి, ఎడమచేతి వేలితో ఒక చోట చూపించాడు.

"ఇక్కడ తప్పుంది. క్యాబిన్ నాలుగో అంతస్తు దగ్గర ఉందని రాశావు. అయిదు దాటి ఉంది. అందుకే ఆవిడకి నా గొంతు అంత బాగా వినపడింది. ఇలా రాస్తే ఎవరైనా అడుగుతారు, నాలుగులో అరిస్తే అయిదులో ఆవిడకి అంత స్పష్టంగా ఎలా వినపడిందని."

"మళ్ళీ వేసేటప్పుడు దిద్దుతానన్నా."

"మళ్ళీ వేస్తావా?"

"వెయ్యాలి. ఈ ఇరవై పోతే ఇంట్లో ఇంకో ముప్పై ఉన్నాయి, అంతే."

పెద్దమేస్త్రి పుస్తకం మూశాడు. క్షమించానని గానీ, లేదని గానీ ఆయన ఆ రోజూ అనలేదు, తర్వాతా అనలేదు. చెవి మేస్త్రి అడగలేదు.

"నా వేళ్ళు పోయేదాకా రాశావు. పోయాక నేను స్టోరులో ఉన్నానని ఒక్క ముక్కలో తేల్చేశావు. పద్దెనిమిదేళ్ళు ఉన్నాన్రా అక్కడ. అక్కడేం జరిగిందో నీకు తెలుసా?"

"తెలియదు."

"నువ్వు వస్తేగా తెలియడానికి. కాగితం తెచ్చుకో. చెప్తాను, రాసుకో."

ఆ వారం నుంచి ప్రతి గురువారం ఉదయం ఆయన బస్సెక్కి అక్కడికి వెళ్తున్నాడు. పెద్దమేస్త్రి చెప్తాడు, ఆయన రాస్తాడు. మొదటి రోజు రెండు గంటలపాటు స్టోరు గది అరలు ఎలా ఉండేవో చెప్పాడు. ఏ అరలో ఏ సైజు మరలు, ఏ డబ్బా మూత వదులు, ఎడమచేత్తో చీటీలు రాయడం ఎలా నేర్చుకున్నాడు. రెండో వారం సామాన్ల కోసం వచ్చేవాళ్ళ గురించి చెప్పాడు. ఎవరు కిటికీలోంచి తన చెయ్యి చూసి చూపు తిప్పుకునేవారో, ఎవరు సరాసరి చూసేవారో పేరు పేరునా చెప్పాడు. మొదటి రకంలో చెవి మేస్త్రి పేరు కూడా చెప్పాడు. ఆయన అది కూడా రాసుకున్నాడు. మూడో వారం కోపమొచ్చి మధ్యలోనే పంపేశాడు. నాలుగో వారం ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెట్టాడు.

రెండో ముద్రణకి తొందరపెడుతూ కూతురు అడుగుతూనే ఉంది. భార్య కూడా ఒక గురువారం మధ్యాహ్నం, ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే అడిగింది.

"ఎంతవరకు వచ్చారు?"

"ఇంకా మొదటి ఏడాదిలోనే ఉన్నాం," అన్నాడు ఆయన.